చిలకమ్మ పెంచిన చిప్ప

నేను ఒక ఆల్చిప్పను. ముత్యం ఉందా అని మాత్రం అడగకండి. నా మొహం చూసిన ప్రతి మనిషికీ ముందు పుట్టే ప్రశ్న అదే, లేదని తెలియగానే విసిరేస్తారు. అన్నం తినేవాణ్ని పట్టుకుని నీ కడుపులో బంగారం ఉందా అని ఎవరైనా అడుగుతారా?

మా పుట్టిల్లు భీమిలికి ఇవతల, జాలరిపేట ఎదురుగా సముద్రంలోకి చొచ్చుకుపోయిన నల్లరాయి. పుట్టిన కొత్తలో నీళ్ళలో కొట్టుకుపోతూ ఉంటాం. రాయి తగిలితే మా ఒంట్లోంచి తీసే పీచుతో పట్టుకుని ఇక కదలం. ఆ రాతి మీద మాకు అందరూ శత్రువులే. పీత డెక్కతో నొక్కి పగలగొడుతుంది. నత్త మీదెక్కి కూర్చుని, తీరిగ్గా బెజ్జం పెట్టి లోపలిదంతా పీల్చేస్తుంది. అలాగని మేమేమీ చేతకానివాళ్ళం కాదు. పీతలు తిరిగే నీటికి ఒక వాసన ఉంటుంది. నలిగిపోయిన మావాళ్ళ వాసన కూడా అందులో కలుస్తుంది. అది తగిలిందంటే పసిచిప్ప ఎదుగుదల తగ్గించుకుని, లోలోపల గోడ మందం చేసుకుంటుంది. మా ఇంటికి మేస్త్రీ మా భయమే.

ఒక ఏడు బయటి ఊరివాళ్ళు గునపాలతో వచ్చి, పెద్దా పిల్లా చూడకుండా రాతిని గీకి లారీకెత్తుకుపోయారు. పాటు సమయంలో నీళ్ళు వెనక్కి తగ్గినప్పుడు మమ్మల్ని ఏరుకుని బతికే పేట ఆడవాళ్ళ నోట్లో మట్టి కొట్టారు. తెగిన తాడుముక్కను పట్టుకుని వేలాడుతున్న మేం కొంతమంది పసివాళ్ళం చిలకమ్మ కంటబడ్డాం.

ఈ చిలకమ్మ ఇద్దరు బిడ్డల్ని కని, ఇద్దర్నీ పురిట్లోనే పోగొట్టుకున్న మనిషి. మొగుడు ఇంకో ఇల్లు చూసుకున్నాడు. పేటలో నోళ్ళకేం తక్కువ? "దాని సెయ్యి మంచిది కాదు" అన్నారు. పసిబిడ్డలున్న ఇళ్ళకు పిలవడం మానేశారు. ఆవిడ ఎవరికీ ఎదురు చెప్పలేదు. కానీ తన చేతిలో ఏదో ఒకటి బతకడం ఒక్కసారి తన కళ్ళతో చూసుకోవాలని ఆవిడకు కడుపులో కోరిక. ఆ కోరికతోనే మమ్మల్ని కొంగులో వేసుకుంది.

ఆవిడ తమ్ముడు కారయ్య రొయ్యపిల్లల హేచరీలో వాచ్‌మన్. తిన్నగా అక్కడికే తీసుకుపోయింది.

"ఒరే కారీ, ఆ మూల తొట్టి కాళీగా ఉంది కదేటి. ఈటిని అందులో ఎయ్యనీ. కూసింత పెద్దయ్యాక రాయికాడ ఎట్టీసి వస్తాను."

"ఆల్చిప్పల్ని పెంచుతావేటే అప్పా? సముద్రం పెంచుద్ది గానీ!"

"సముద్రంలో పీతలు తినేత్తాయిరా. పసిగుంటలు."

హేచరీ నీళ్ళంటే మాటలా! ఇసకలో వడగట్టి, గుడ్డలో వడగట్టి తొట్లలోకి వదులుతారు. ఆ నీటికి ఏ వాసనా లేదు. రొయ్యపిల్లల కోసం సన్నటి నాచు పెంచే పచ్చనీళ్ళే మాకూ తిండి. చిలకమ్మ రోజూ వచ్చి తొట్టి అడుగు తుడిచేది, మాతో కబుర్లు చెప్పేది. మా తాడు పీచులో దాక్కుని వచ్చిన చిన్న పీతపిల్ల ఒకటి బయటపడితే, దాని వంశాన్నంతా తిడుతూ గోడ అవతలికి విసిరేసింది. అయ్యో తల్లీ, దాన్ని ఉండనిచ్చినా మాకు భయం తెలిసేది.

భయం లేని పిల్లలం, ఇష్టమొచ్చినట్టు ఎదిగాం. రాతి మీద పుట్టినవాళ్ళకంటే ఎంతో పెద్దవాళ్ళమయ్యాం. ఒకనాడు నన్ను ఎండకు ఎత్తి పట్టుకుంటే వెలుగు ఇవతలికి కనబడింది. "అద్దంలాగ ఉన్నాదిరా!" అని మురిసిపోయింది. ఆ పల్చదనాన్ని అందమనుకుంది పిచ్చితల్లి.

మమ్మల్ని పాత వలముక్కలో చుట్టి రాతికి కట్టిన రోజున పేట ఆడవాళ్ళంతా చూడవచ్చారు. రాయి మళ్ళీ నిండుతుందని వాళ్ళ ఆశ. గురమ్మ అనే ముసలావిడ "నీ సెయ్యి సల్లగుండ, సిలకా" అంది. చిలకమ్మ తల దించుకుని కొంగుతో మొహం తుడుచుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తెలియలేదు.

కెరటం రాగానే వాసన తగిలింది. అదేమిటో ఎవరూ చెప్పకుండానే మాకు తెలిసిపోయింది. కానీ గోడ మందం కావడానికి నెలలు పడుతుంది, పీత అంతసేపు ఆగుతుందా? వల కన్నాల్లోంచి డెక్కలు దూర్చి మావాళ్ళను మరమరాల్లా నమిలేశాయి. నా మీదికి నత్త ఎక్కింది. మందపాటి చిప్పయితే విసుగెత్తి పోయేదేమో, నా దగ్గర దానికి శ్రమే లేకపోయింది. అప్పట్నుంచీ మాట్లాడుతున్నది ఒట్టి చిప్ప.

మళ్ళీ పాటుకు చిలకమ్మ వచ్చి వల విప్పింది. ఒక్కొక్క చిప్పనే తీసి చూసి, మళ్ళీ ఆ వలలోనే వేసింది. తన రెండు అరచేతుల్నీ చాలాసేపు చూసుకుని, "పేటోళ్ళు నిజమే అన్నారు" అంది. కాదే తల్లీ, నీ చేతిలో తప్పు లేదు, నువ్వు ప్రేమ ఎక్కువ చేశావంతే అని అరవాలనిపించింది. చిప్పకు నోరెక్కడిది?

వానలు వెనకబట్టాక సముద్రం కొత్త పసివాళ్ళను తెచ్చి రాతి మీద, మా వల మీద, చివరికి నా వీపు మీద కూడా అతికించింది. చిలకమ్మ చూసింది. చెయ్యి చాపబోయి, కాలినట్టు వెనక్కి లాక్కుని వెళ్ళిపోయింది. ఆ పిల్లలు పీతల మధ్యే, ఆ వాసనలోనే పెరిగారు. చాలామంది పోయారు. మిగిలినవాళ్ళు మందంగా, మొండిగా బతికారు. రాయి మళ్ళీ నల్లగా నిండింది, ఆడవాళ్ళ బుట్టలూ నిండాయి.

"సూసావా కారీ," అంది చిలకమ్మ. "నాను ముట్టుకోనేదు. బతికాయి."

వల చివికిపోయి నేను ఒడ్డుకు కొట్టుకొచ్చేసరికి ఆవిడ రాతి దగ్గరికి పోవడమే మానేసి, ఇసకలో చేపలు ఎండబెడుతోంది. ఎందుకని ఎవరో అడిగితే "సచ్చిన సేపల్ని నానింకేటి సంపుతాను" అంది. ఒకరోజు పొద్దున్నే కారయ్య తన బిడ్డను గుడ్డలో చుట్టుకుని అక్కడికి వచ్చాడు.

"అప్పా, నీ మేనకోడలు. ఒకపాలి ఎత్తుకోయే."

చిలకమ్మ ఆ మొహాన్ని కళ్ళారా చూసింది. చూస్తూనే చేతులు రెండూ వెనక్కి కట్టుకుంది.

"ఆడనించే సూపించరా. సాలు."

"అదేటప్పా, నీ సేతిలోనే కదా నాను పెరిగినాను!" అంటూ వాడు బిడ్డను ముందుకు చాపాడు. ఆవిడ ఒక అడుగు వెనక్కి వేసింది. ఆ మడమ కింద నేను ముక్కలయ్యాను. ఆవిడ గమనించలేదు, అదే నయం. తెలిస్తే నన్ను రెండోసారి కూడా తానే చంపాననుకునేది.