ముసలాయన లేచిన ఆట

ఎడమచెయ్యి పైకి లేవనంటోంది. లాల్ అహమ్మద్ కుడిచేత్తోనే రీలు మిషన్‌కు తగిలించి, కార్బన్ కడ్డీలు దగ్గరికి జరిపి వెలుగు తెప్పించాడు. మైదుకూరులోని ఆ సినిమా హాలుకు ముప్పై ఏళ్ళుగా ఆయనే ఆపరేటరు. బక్కపలచని మనిషి, కడ్డీల వేడికి కనుబొమలు సగం మాడిపోయాయి. ఊళ్ళో ఆయన మొహం ఎరిగినవాళ్ళు తక్కువే గానీ ఆయన పలక ఎరగనివాళ్ళు లేరు.

కొత్త బొమ్మ పడ్డనాడు, మొదటి ఆట కాగానే గేటు పక్క మేకుకు వేలాడే నల్లపలక మీద సినిమా పేరు కింద ఆయన ఒక మాట రాస్తాడు. బాగుంటే 'చూడొచ్చు'. లేకుంటే 'మీ ఇష్టం'. 'మీ ఇష్టం' అని కనబడితే జనం అటునుంచి అటే ఇంటిదారి పడతారు.

ఈసారి వచ్చింది కంప్యూటర్ ఆటను సినిమాగా తీసిన ఇంగ్లీషు బొమ్మ, తెలుగు డబ్బింగు. పేపర్లవాళ్ళు అప్పుడే ఉతికి ఆరేశారు. 'ఆడేవాడి చేతిలోంచి ఆట లాక్కుని, కూర్చుని చూడమంటే ఎట్లా?' అని రాశారు. యజమాని పెంచలయ్య శెట్టి ఆ పేపరు పట్టుకుని పొద్దున్నే పైన మిషన్ గదికొచ్చాడు. ఏనాడూ పలక జోలికి రాని మనిషి.

"లాలూ, ఇది గూడా పోతే హాలు మూసేసి సిమెంటు గోడౌనుకు ఇచ్చేస్తా. నాకింక శాత కాదప్పా. చూడొచ్చు అని రాసెయ్."

"సూసినాక రాస్తాలే శెట్టీ."

కానీ ఆయన చూసింది వేరు. మధ్యలో కళ్ళు తిరిగి, నాలుగో రీలుకు బదులు అయిదోది ఎక్కించాడు. తెర మీద హీరో వెంట వచ్చిన ముసలాయన కత్తిపోటుకు కూలిపోయాడు. తరవాత నాలుగోది వేయక తప్పలేదు. చచ్చిన ముసలాయన మళ్ళీ లేచి నడిచాడు. జనం కుర్చీలు విరగ్గొడతారనుకుని లాల్ అహమ్మద్ గోడ రంధ్రంలోంచి హాల్లోకి చూశాడు. ఈలలు, చప్పట్లు వినిపించాయి. ఇన్నేళ్ళూ సరిగ్గా తిప్పింది మాత్రం ఎవరు గమనించారని ఆయనకు దిగులు పుట్టింది.

ఆట విడిచాక, బస్టాండు దగ్గర కంప్యూటర్ ఆటల అంగడి పెట్టుకున్న కిరణ్‌కుమార్ ఎదురొచ్చాడు.

"శానా బాగుండాదన్నా! సచ్చిన ముసలోడు మల్లా లేసినాడు సూడు, అచ్చం కంప్యూటర్ ఆటలో మాదిరే. పేపరోళ్ళకేం తెలుసు!"

లాల్ అహమ్మద్ పలక తుడిచి, సినిమా పేరు ఒక్కటే రాసి చంకన పెట్టుకున్నాడు.

"ఏమప్పా, రాయలేదే? జనం నిలబడుకోనుండారు," శెట్టి వెంటబడ్డాడు.

"పొద్దున రీళ్ళు తారుమారు చేసినా శెట్టీ. వాళ్ళు మెచ్చింది నా తప్పును. సరింగా ఒకతూరి సూడకుండా దాని మంచిసెడ్డా నేనెట్ల జెప్పేది? మ్యాట్నీ కానీ."

భార్య బీబమ్మ కట్టిచ్చిన క్యారియరు మూత కూడా తీయలేదు. నొప్పి దవడకు పాకింది. రీళ్ళ డబ్బాల మీది అంకెలు రెండుసార్లు వేలితో తడిమి చూసి ఆట మొదలుపెట్టాడు. రంధ్రం దగ్గర స్టూలు వేసుకుని, పలక ఒళ్ళో పెట్టుకుని, ప్రేక్షకుడిలా చూశాడు. నాలుగో రీలు అయింది. అయిదోది ముగింపుకొచ్చేసరికి ఏం రాయాలో ఆయనకు తెలిసిపోయింది. జేబులోంచి సుద్దముక్క తీశాడు. తెర మీద ముసలాయన కూలిపోయాడు.

ఆ వెనక రీలు అయిపోయి తెర తెల్లగా ఉండిపోయింది.

రెండోసారి చూడొచ్చిన కిరణ్‌కుమార్ పక్కవాళ్ళకు ధైర్యం చెప్పాడు. "ఉండండప్పా, లేస్తాడు. పొద్దున లేసినాడు."

హాలంతా తెల్లటి తెర కేసి చూస్తూ కూర్చుంది. శెట్టి మెట్లెక్కి వెళ్ళేసరికి లాల్ అహమ్మద్ గోడకు ఒరిగి ఉన్నాడు. కన్ను రంధ్రం వైపే ఉంది, ఊపిరి లేదు. శెట్టి మిషన్ ఆపి, ఆయన వేళ్ళ సందునుంచి సుద్దముక్క తీసుకున్నాడు. గేటు దగ్గర ఫస్టుషోకు వచ్చినవాళ్ళు ఖాళీ మేకును చూస్తున్నారు. ఒక్క మాట రాస్తే చాలు, హాలు నిలుస్తుంది. శెట్టి సుద్ద పలకకు ఆనించి, రాయకుండానే తీసేశాడు. పలక తెచ్చి అట్లాగే మేకుకు తగిలించాడు.

పైన సినిమా పేరు, కింద పాత మాటలు తుడిచిన గుడ్డ జాడ.