మూడు లైన్ల పేచీ

థెల్మా ప్రెంటిస్ పెన్సిల్ చెక్కి, చీటీ మీద అదే వాక్యం మళ్ళీ రాసింది: "తీసెయ్యడానికి వీల్లేదు." ఎదుటి బల్ల మీది ట్రేలో విసురుగా పడేసింది. మసాచుసెట్స్‌లోని ఆ నిఘంటువు కంపెనీలో, సంపాదకుల గదిలో ఎవరూ నోరు విప్పకూడదు. ఎంత పేచీ అయినా చీటీల మీదే నడవాలి. ఆ ఎదుటి బల్ల హోరేస్ క్విల్‌తో ఆమె పేచీ ఏళ్ళ తరబడి అలాగే నడుస్తోంది.

ఈసారి గొడవ 'సాడ్' అనే మాట గురించి. ఇప్పుడు దిగులుగా ఉన్నవాణ్ణి అలా అంటున్నారు గాని, పాత ఇంగ్లీషులో దానికి కడుపు నిండినవాడని అర్థం. నిండి, బరువెక్కి, విసిగి, చివరికి ఆ మాట దిగులులో పడింది. అదంతా చెప్పడానికి, మాటల పుట్టుక రాసే థెల్మాకు మూడు లైన్లు కావాలి. సాయంత్రం పేజీ అచ్చుకు పోతుంది. అర్థాలు రాసే క్విల్ ఒప్పుకోందే ఆ లైన్లు బతకవు.

మధ్యాహ్నం కింద భోజనాల గదిలో క్విల్ గుడ్డు శాండ్‌విచ్ నములుతూ నవ్వాడు. అక్కడ మాట్లాడొచ్చు.

"మహాతల్లీ, వెయ్యేళ్ళ కిందటి కడుపు సంగతి ఇప్పుడెవడిక్కావాలండీ?"

"నాక్కావాలి. మా నాన్న పోయిన రోజు ఇరుగుపొరుగు తెచ్చిన వంటలన్నీ తిన్నాను. తింటూనే ఏడ్చాను. ఆ రెండూ ఒకే మాటలో ఉన్నాయని ఇక్కడికొచ్చాకే తెలిసింది."

క్విల్ నమలడం ఆపాడు. "సరే, అదే చీటీ మీద రాసి పంపండి. చూద్దాం."

ఒళ్ళు మండినా రాసి పంపింది. జవాబు లేదు. ఇంకోటి పంపింది. పుస్తకాల గుట్ట వెనక, చేతి మీద వాల్చిన అతని బట్టతల మాత్రం కనిపిస్తోంది. ఎంత బెట్టు ఈ మనిషికి! చీటీ మీద చీటీ వేసింది. సాయంత్రం పని ముగిసే గంట కొట్టే వేళకి ఇక ఆగలేక లేచి, గదంతా వినబడేలా అరిచింది.

"క్విల్ గారూ, చెవుడా మీకు? ఔనో కాదో చెప్పి చావండి!"

అందరూ తలలెత్తారు. క్విల్ ఎత్తలేదు. ఆమె వెళ్ళి భుజం తట్టింది. తల కింది అతని చెయ్యి చల్లగా జారిపోయింది. ఎప్పుడు పోయాడో ఎవరికీ తెలియదు. ఆ గదిలో ఉలుకూ పలుకూ లేకపోతే ఎవరూ ఏమీ అనుకోరు.

అతన్ని తీసుకుపోయాక ప్రధాన సంపాదకుడు గ్యాలప్, అచ్చుకు పోవాల్సిన ఆ పేజీ పట్టుకొచ్చాడు. "మీ మూడు లైన్లూ ఉంచేద్దాం లెండి. ఇక కాదనేవాళ్ళు లేరుగా."

థెల్మాకు ఏడుపు కంటే కోపమే ఎక్కువ వచ్చింది. ఇన్నేళ్ళు పోట్లాడిన మనిషి జవాబు చెప్పకుండా పోతాడా? ఆమె పేజీ మీద సంతకం పెట్టి తలెత్తింది. ఎదుటి కుర్చీ వీపుకి, మోచేతుల దగ్గర తోలు అతుకులు వేసిన క్విల్ ఊలు కోటు వేలాడుతోంది.