మీటరుని అడగని మాట

కొత్త మీటరు తీగ కంప్యూటరుకి తగిలించాలి. మీటరుని పేరు అడిగితే చెబుతోందో లేదో చూడాలి. పాత మీటరు కోసం కంప్యూటరులో రాసిన ఆదేశాలన్నీ మీటర్ల ప్రమాణం ప్రకారం తిరగరాయాలి. ప్రతి ఆదేశం తరవాత “తప్పేమైనా ఉందా?” అని మీటరుని అడిగించాలి. శుక్రవారం కొత్త మీటరు ప్రారంభోత్సవం లోపల ఇవన్నీ అయిపోవాలి.

చెయ్యాల్సింది మనీష. గుణుపురం దగ్గర రైతు కుటుంబం, ఇంట్లో తొలి డిగ్రీ ఆమెదే. చేయించాల్సింది చంద్రశేఖరం. రాయగడలో సిమెంటు టోకున అమ్మే ఆసామి, తొంభై తొమ్మిదిలో కరెంటు పనివాళ్ల రబ్బరు చేతొడుగులు పరీక్షించే ల్యాబు పెట్టాడు. తొడుగుని నీళ్లలో ముంచి, హైవోల్టేజీ ఇచ్చి, ఎంత కరెంటు కారుతోందో కొలవాలి. మీటరు ఏ కంపెనీదైనా ఒకే రకం మాటలకి పలకాలని తెలిసినవాళ్లు కూర్చుని రాసిన ప్రమాణం ఒకటి పుస్తకంగా ఉంది. చంద్రశేఖరానికి ఆ పుస్తకం అట్ట మీది మెరుపు నచ్చింది. అద్దాల బీరువాలో పెట్టి తాళం వేశాడు.

బుధవారానికి సగం ఆదేశాలే మారాయి. మారనిది తగిలినప్పుడల్లా మీటరు అర్థం కాలేదంటోంది, తెర ఎర్రబడుతోంది.

“ఏటమ్మీ ఈ ఎరుపు? పేరడిగితే సెప్పింది కదా?”

“పేరు సెప్పింది సార్. కొలవమంటే అర్థం కాలేదంటంది. ఇంకో వారం ఇప్పించండి.”

“కార్డులు పంచేసేను. పెద్దోళ్ల ముందు నాకది తప్పులు సూపిస్తాదేటి? ఆ అడగడం మానిపించెయ్.”

“అడక్కపోతే తప్పు ఎలా తెలుస్తాది సార్?”

“తెలిసి ఏటి సేస్తావు? కూల్‌డ్రింకులు సల్లగున్నాయో లేదో సూడు.”

మనీష ఒప్పుకోలేదు. చంద్రశేఖరం కంప్యూటరు అమ్మినవాణ్ణి పిలిచి ఆ ప్రశ్న తీయించేశాడు. మీటరు జవాబివ్వకపోతే కిందటి అంకెనే చూపించడం ఆ ప్రోగ్రాము పాత జబ్బు. శుక్రవారం ఏ తొడుగు ముంచినా ఒకే అంకె, ‘మంచిది’. అతిథులు చప్పట్లు కొట్టారు.

పరీక్షకిచ్చిన తమ తొడుగుల కోసం లక్ష్మీపూర్ లైన్‌మన్ గున్నయ్య అప్పుడే వచ్చాడు.

“అమ్మీ, ఇయి ఏసుకుంటే మా ఆడదాని తిట్లు కూడా తగలవేటి?”

“ఉండు మావా, ఇంకోపాలి కొలిసి ఇస్తాను.”

చంద్రశేఖరం ఆమె చేతుల్లోంచి తొడుగులు లాక్కుని, ఫోటోకి నవ్వుతూ గున్నయ్యకి అందించాడు.

జనం వెళ్లాక మనీష మీటరు స్విచ్ కట్టేసి కొలిపించింది. అదే అంకె, ‘మంచిది’.

“మీటరు ఆపేసినా మంచిదే అంటంది సార్!”

“అయితే స్విచ్చెయ్యి మరి,” అన్నాడాయన. అంత తెలివి ఆయనది.

ఆమె లక్ష్మీపూర్ కరెంటాఫీసుకి ఫోన్ చేసి ఆ తొడుగులు వాడొద్దని చెప్పింది. అక్కడి ఆఫీసరు నిజమేనా అని చంద్రశేఖరాన్ని అడిగాడు. “సదువు ఎక్కువైపోనాది పిల్లకి. మీరు కంగారు పడకండి,” అన్నాడు చంద్రశేఖరం. ఆఫీసరు నమ్మాడు. నమ్మితే ఇంకో పని ఉండదు కదా!

ఆదివారం గాలివానకి లైను పాడైంది. గున్నయ్య ఆ తొడుగుల్ని నమ్ముకుని, సరఫరా ఆపకుండా స్తంభం ఎక్కాడు. దింపేసరికి ప్రాణం లేదు.

పనివాడి అజాగ్రత్త అని విచారణలో తేల్చారు. చంద్రశేఖరం పెద్ద దండ పంపాడు. మనీష జరిగింది జరిగినట్టు రాసిచ్చింది, ఉద్యోగం పోయింది.

చంద్రశేఖరాన్ని మీరు గుర్తుపెట్టుకోనక్కర్లేదు, ఆ ఏర్పాట్లేవో ఆయనే చూసుకుంటాడు. లక్ష్మీపూర్ లైన్‌మన్ గున్నయ్యని గుర్తుంచుకోండి. అతను అజాగ్రత్తగా ఎక్కలేదు. తొడుగులు వేసుకునే ఎక్కాడు.