రెండో స్నానం

"పగిలిపోయిన ఫోనుతో నీకేం పనే?" అన్నాడు విశ్వనాథ్, కాఫీ గ్లాసు పెదవుల దగ్గరే ఆపి.

వేదవతి బీరువా అడుగు సొరుగులోంచి తన పాత ఫోను తీసి కొంగుతో దుమ్ము తుడుస్తోంది. పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది, అతని క్యారేజీ ఇంకా సర్దలేదు, తొమ్మిదింటికల్లా తను అమలాపురంలో శిక్షణకి ఉండాలి.

"ఇంట్లో మూలపడ్డ ఫోను ఒకటి తెమ్మన్నారండి. చెరిపేసిన మెసేజీలు బయటికి తియ్యడం నేర్పుతారట."

"చెరిపేసింది మళ్ళీ ఎక్కణ్ణుంచి వస్తుంది? అది వద్దు, అమ్మది పట్టుకెళ్ళు."

"అత్తయ్యగారిది రోజూ వాడేది కదండీ."

అతను కాఫీ సగం వదిలేసి లేచాడు. పదకొండేళ్ళ కాపురంలో అతను కాఫీ వదలడం వేదవతి చూడలేదు. చల్లారిందనీ చిక్కగా లేదనీ వంకలు పెడతాడే గానీ గ్లాసులో చుక్క మిగల్చడు. బస్సెక్కి కూర్చున్నా ఆ సగం గ్లాసు ఆమె మనసులోంచి పోలేదు.

ఉప్పలగుప్తం దగ్గర ఒక గ్రామ సచివాలయంలో ఆమె మహిళా పోలీసు. అత్తగారు అచ్చయమ్మ మాత్రం చుట్టాలకి 'ఆఫీసులో ఏదో రాస్తుంది' అని చెప్పి సర్దేస్తుంది. సంస్కృతం లెక్చరరైన విశ్వనాథ్ 'దొంగల్ని పట్టే మొహమేనా అది' అని నవ్వుతాడు. మూడేళ్ళ క్రితం ఇదే సైబర్ నేరాల శిక్షణకి ఆమె పేరు అనుకున్నారు. తీరా జాబితాలో లేదు. ఎందుకని అడగడానికి మొహమాటపడింది. ఆ తర్వాత ఎస్సై గారు ఎదురుపడి "ఇంట్లో పనులు తెమిలేయామ్మా?" అన్నారు. ఆ మాటలో పుల్లవిరుపు ఎందుకో అప్పుడు తెలియలేదు. తనకే అర్హత చాల్లేదని సరిపెట్టుకుంది. సరిపెట్టుకోవడంలో ఆడవాళ్ళకి ఎవరూ శిక్షణ ఇవ్వక్కర్లేదు.

శిక్షణ ఇస్తున్న ఇన్‌స్పెక్టర్ సత్యదుర్గ బల్లల మధ్య తిరుగుతూ మళ్ళీ మళ్ళీ ఒకటే చెబుతోంది. "మనుషుల మాటలు నమ్మకండమ్మా, టైం నమ్మండి. ఆ టైముకి ఫోను ఎవరి చేతిలో ఉంది? అదొక్కటీ తేలిస్తే మిగతాది దానంతటదే వస్తుంది."

వేదవతి పాత ఫోనుని కంప్యూటరుకి తగిలించింది. చెరిపేసిన మెసేజీలు ఎర్రక్షరాల్లో ఒక్కొక్కటే పైకి వచ్చాయి. ఒకటి ఎస్సై గారిది. 'సైబర్ శిక్షణకి మీ పేరు పంపుతున్నాం. ఇవాళ పన్నెండింటిలోగా సరేనని చెప్పండి.' దాని కిందిది ఆమె ఫోను నుంచి వెళ్ళిన జవాబు. 'ఇంట్లో వీలుపడదండి. నా పేరు తీసేయండి. వేదవతి.' టైము పదకొండూ యాభై రెండు.

"ఏమైనా వచ్చిందామ్మా?" అంది సత్యదుర్గ.

"ఆయ్, వచ్చిందండి." తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

తేదీ చూడగానే తిథి గుర్తొచ్చింది. మామగారి తద్దినం. ఆ రోజు తెల్లవారుజామున మడి కట్టుకున్న దగ్గర్నుంచి భోక్తలు తిని లేచేదాకా ఆమె వంటింట్లోనే ఉంది. మడిలో ఉన్నవాళ్ళు ఫోను ముట్టుకోరు. అది హాల్లో ఫ్రిజ్ మీద ఉంది. దానికి లాకు కూడా లేదు; 'మొగుడికి తెలియని రహస్యాలేముంటాయి' అని పెళ్ళైన కొత్తలోనే విశ్వనాథ్ తీయించేశాడు. మరెవరు? అత్తగారా? ఆవిడా మడిలోనే ఉంది, పైగా ఆవిడకి మెసేజీలు పెట్టడం రాదు. ఇంట్లో ఉన్న మూడో మనిషి విశ్వనాథ్. కానీ తద్దినం పెడుతున్నదే అతను. మడిపంచెతో ఫోను ముట్టుకుంటాడా? ఛ, అనుకుంది. కొంగు గుమ్మం తెరకి తగిలిందని తన చేత ఒకే పూట మూడుసార్లు స్నానం చేయించిన మనిషి. తన అనుమానానికి తనకే సిగ్గేసింది.

అప్పుడు గుర్తొచ్చింది, నూతి దగ్గర చేద చప్పుడు. భోక్తలు కాళ్ళు కడుక్కునే వేళకి విశ్వనాథ్ పెరట్లో మళ్ళీ స్నానం చేశాడు. "ఇప్పుడేం స్నానంరా?" అని అచ్చయమ్మ కేకేస్తే "కాకి తన్నిందమ్మా" అన్నాడు. కాకి తన్నితే తల మీంచి పోసుకోవలసిందే. అతను మళ్ళీ మడి కట్టుకుని వచ్చేసరికి అరగంట దాటింది, గారెలు చల్లారిపోయాయి. ఆలస్యమేమిటని భోక్తలు అడిగితే అచ్చయమ్మ "మా కోడలి వంట ఎప్పుడు తెమిలింది గనకండీ" అంది. ఏటా తద్దినానికి ఆ మాట మళ్ళీ వడ్డిస్తూనే ఉంది. విశ్వనాథ్ పక్కనే కూర్చుని వింటూనే ఉన్నాడు.

ఏ కాకీ తన్నలేదు. భార్య పేరుతో రెండు ముక్కలు రాసి పంపి, చెరిపేసి, తండ్రి తద్దినానికి మైల తగలకూడదని నెత్తిన నీళ్ళు పోసుకుని వచ్చాడు. వేదవతికి ఏడుపు రాలేదు. ఒళ్ళు మండిపోయింది. అభ్యాసానికి ఇచ్చిన కాగితంలో 'ఆ సమయంలో ఫోను ఎవరి చేతిలో ఉంది' అన్న గడిలో 'భర్త' అని రాసి ఇచ్చేసింది.

సత్యదుర్గ కాగితం చదివి, ఆమె మొహం చూసింది. "విజయవాడలో మూడు నెలల పైస్థాయి శిక్షణ ఉందమ్మా. సాయంత్రం మెసేజీ పెడతాను. వస్తారో రారో వెంటనే చెప్పాలి."

ఇంటికొచ్చి వేదవతి ఇప్పటి ఫోను బల్ల మీద పెట్టి బీరకాయలు చెక్కు తీస్తోంది. ఎప్పుడూ ఏడింటికి గానీ రాని విశ్వనాథ్ అప్పటికే వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"ఏం బయటపడింది ఆ ఫోనులో?"

"పాత సంగతులేనండి."

ఫోనులో మెసేజీ మోగింది. అతని చెయ్యి అలవాటుగా దాని మీదికి వెళ్ళింది. "ఎవరు? ఇలా ఇయ్యి, చూస్తాను."

"ముట్టుకోకండి," అంది వేదవతి. "మళ్ళీ కాకి తన్నుతుంది."

అతని చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. "ఏ కాకే? ఎక్కడ?" అంది వంటింట్లోంచి అచ్చయమ్మ. వేదవతి చేతులు తుడుచుకుని ఫోను తీసుకుంది. 'వస్తున్నానండి' అని రాసి పంపింది. టైము ఆరూ ఏడు. ఆ టైముకి ఫోను వేదవతి చేతిలో ఉంది.