చెవి వెనక చుక్క

మెడ చుట్టూ నల్లగుడ్డ బిగించి ముడి వేశాక పెద్దకోడలికి అర్థమైంది, ఇక ఈ కుర్చీలోంచి లేచే దారి లేదని. ఎదురుగా అద్దం, కుడివైపు అద్దం, ఎడమవైపు అద్దం. అన్నిట్లోనూ తన మొహమే. దాని వెనక, గుమ్మానికి అడ్డంగా వరసకట్టి కూర్చున్న ఆడవాళ్ళు. కొత్త రంగు మొదటిరోజు ఉచితమని బోర్డు పెడితే వచ్చినవాళ్ళు.

"ఏ రంగూ పడని తలకి కూడా పడే రంగు ఇది," అంటోంది మేడం మైకులో. "నమ్మకం లేకపోతే చూడండి. మా పార్లర్‌లో అందరికంటే సున్నితమైన తల ఇదే."

అందరూ ఆ తల వైపు చూశారు.

ఆ తలకి రంగంటే గిట్టదు. పోయినేడు వేసుకున్నప్పుడు మాడు నిప్పులు పోసినట్టు మండింది. తెల్లారేసరికి మొహం వాచి కళ్ళు పూడుకుపోయాయి. "ఈసారి గొంతు వాస్తుందమ్మా. అప్పుడు నా దాకా వచ్చే వ్యవధి కూడా ఉండదు," అన్నాడు డాక్టరు. అప్పట్నుంచి రోజూ పొద్దున్నే పాపిడి పొడుగునా కాటుక పెన్సిల్ దిద్దుకుని పనికొస్తోంది. ఎండలో నడవదు. మబ్బు పడితే గడప దాటదు. ఊళ్ళో వాళ్ళందరి తలలకీ రంగులేసే మనిషి తన తలని కాటుకతో నెట్టుకొస్తోందని ఇంట్లో తోడికోడలికి తప్ప ఎవరికీ తెలియదు. ఆ తోడికోడల్ని ఇక్కడ చేర్పించి పని నేర్పిందీ తనే. అందుకే పార్లర్‌లో కూడా వాళ్ళు పెద్దకోడలు, చిన్నకోడలుగానే చలామణి.

గుట్టు రట్టు చేసింది ఒక తువ్వాలు. ఉక్కపోతకి నుదురు తుడుచుకుంటే తెల్లటి తువ్వాలు మీద నల్లటి చార. మేడం కంట పడనే పడింది.

"రంగులేసేదాని తలే నెరిసిపోతే వచ్చినవాళ్ళు ఏమనుకుంటారు? నీకు రంగు పడదంటున్నావుగా, పడనివాళ్ళకీ పడుతుందట ఈ కొత్త రంగు, అందరి ముందూ నువ్వే వేయించుకో. కాదంటావా, వెనక తువ్వాళ్ళ గదిలో ఉండు."

తువ్వాళ్ళ గదికి కిటికీ లేదు. అందులోకి వెళ్ళినవాళ్ళెవరూ మళ్ళీ కత్తెర పట్టింది లేదు.

రంగు వేసేముందు చెవి వెనక ఆ రంగే ఒక చుక్క పెట్టి చూడడం పార్లర్ పద్ధతి. చర్మం కందితే ఆ మనిషికి రంగు వేయరు. తనకి కందితే మాత్రం నేరుగా తువ్వాళ్ళ గదే. అందుకని పెద్దకోడలు అతితెలివికి పోయింది. పోయినేటి వాపుకి డాక్టరిచ్చిన మాత్రలు కొన్ని మిగిలాయి. అవి మింగి చుక్క పెట్టించుకుంది. అవి దద్దుర్లని అణిచిపెడతాయని, చుక్క అబద్ధం చెబుతుందని ఆమెకు తెలుసు. ముందు ఈ గండం గడిస్తే, రంగు వేసేనాటికి ఏదో ఒక సాకు దొరక్కపోతుందా అనుకుంది.

చెవి వెనక ఏమీ రాలేదు. సాకూ దొరకలేదు. మాత్రలు మాత్రం అయిపోయాయి.

చిన్నకోడలు గిన్నెలో రంగు కలుపుతోంది. ఘాటు ముక్కుకి తగిలింది.

"ఏంటక్కా, ఫొటోకి కూర్చున్నట్టు బిగుసుకుపోయావ్?"

"నీ చేతికి తల అప్పగించాక ఇంకెలా ఉంటాను."

వరసలో ఎవరో నవ్వారు. పెద్దకోడలు గుడ్డ కింద కుర్చీ చేతుల్ని పట్టుకుంది.

"రంగు వేసేముందు అందర్నీ అడిగే ఆ మూడు ప్రశ్నలూ అడిగేస్తాను," అంది చిన్నకోడలు.

"మన మనిషే కదా, వేసెయ్," అంది మేడం మైకు పక్కకి పెట్టి.

"అడగందే నా చెయ్యి కదలదు మేడం. అక్క అలా అలవాటు చేసింది." అక్క వైపు తిరిగింది. "మాడు మీద పుళ్ళేమైనా ఉన్నాయా?"

"లేవు."

"ముందెప్పుడైనా రంగు పడలేదా?"

"పడలేదనేగా కూర్చోబెట్టాం," అంది మేడం. మళ్ళీ నవ్వులు.

"ఈమధ్య మాత్రలేమైనా వాడారా?"

అద్దంలో చిన్నకోడలి కళ్ళు తన కళ్ళ మీదే ఉన్నాయి. చుక్క తేలలేదన్న ధీమాయే తప్ప వాటిలో అనుమానం లేదు. అదే ఎక్కువ భయపెట్టింది.

"లేదు," అంది పెద్దకోడలు.

బ్రష్ గిన్నెలో మునిగింది. లేచింది. అద్దాలన్నిట్లోనూ ఒకేసారి లేచింది. నుదుటి దాకా వచ్చింది. రంగు ఇంకా తగల్లేదు, గొంతు మాత్రం అప్పుడే బిగిసింది. గాలి సగంలోనే ఆగిపోతోంది. వాచినప్పుడు ఇలాగే ఉంటుంది కాబోలు. కాదు, ఇంతకంటే ఘోరంగా ఉంటుంది. తన తల మీద తోడికోడలి చేతులే ఉంటాయి.

"ఆగు," అంది. "వాడాను."

బ్రష్ గాల్లో ఆగింది. "ఏం మాత్రలు?"

"వాపు మాత్రలు. చెవి వెనక తేలకూడదని."

వరస చివర ఒకావిడ చెయ్యి తన చెవి వెనక్కి పోయింది. చిన్నకోడలు బ్రష్‌ని గిన్నెలో పడేసి మెడ వెనక ముడి లాగింది. తొందరలో అది ఇంకా బిగిసింది. గోళ్ళతో పీకి విప్పింది.

"నన్ను హంతకురాల్ని చేద్దామనుకున్నావా?" చెవి దగ్గర గొణిగింది. "ఇంటికి పద, చెప్తాను నీ సంగతి."

మేడం మొహం ఎర్రబడింది. కానీ ఆవిడ వ్యాపారం ఎరిగిన మనిషి. మైకు అందుకుంది.

"చూశారా అమ్మా, మా జాగ్రత్త ఎలా ఉంటుందో. మాత్రల సంగతి కూడా అడిగి తెలుసుకుంటాం." ఇద్దరు ముగ్గురు చప్పట్లు కొట్టారు. మైకు దించి పెద్దకోడలి చెవిలో అంది, "తువ్వాళ్ళ గది. ఇప్పుడే."

గది తలుపు వెనక మూసుకుంది. ఉతికే యంత్రం గిరగిరా తిరుగుతోంది. మూలన కుప్పలో పైనే ఉంది, ఉతికినా నల్లచార వదలని ఆ తువ్వాలు. పెద్దకోడలు కొళాయి తిప్పి తల కింద పెట్టింది. కాటుకంతా కారి తొట్టిలోకి పోయింది. చన్నీళ్ళకి మాడు చల్లబడింది. ఊపిరి తీసింది, వదిలింది. మళ్ళీ తీసింది. గాలి ఎక్కడా ఆగలేదు.

తలుపు తోసుకుని మేడం వచ్చింది.

"చివర కూర్చున్న ఆవిడ లేచి వెళ్ళిపోతానంటోంది. ఒంటి మీద దద్దుర్లకి తనూ ఏవో మాత్రలు వాడుతోందట. చెవి వెనక ఏమీ రాలేదని మనవాళ్ళు సరే అనేశారు. అవేం మాత్రలో నీకు తప్ప ఎవరికీ చెప్పదట." చెబుతూనే ఆ తడితల చూసింది. పాపిడికి రెండు పక్కలా తెల్లగా బయటపడ్డ జుట్టు చూసి మొహం తిప్పుకుంది. "వచ్చి మాట్లాడు. ఆ తలకి ఏదైనా గుడ్డ చుట్టుకుని రా."

పెద్దకోడలు తీగ మీద తువ్వాళ్ళని చేత్తో పట్టి చూసింది. కుప్పలోవి చూసింది. అన్నీ తడివే.

"చుట్టుకోడానికి పొడిది ఒక్కటీ లేదు మేడం," అంది. నుదుటి మీది నీళ్ళు చేత్తో తుడుచుకుని, ఆవిడ పక్కనుంచి బయటికి నడిచింది.