ఏడు గొంతుల ముసలిదాని చావు

ఆ రోజు పొద్దున్న సైరాగుల్ తన అత్తగారిని చంపేసి, కంప్యూటర్ మూసి, పిండి కలపడానికి వంటింట్లోకి వెళ్లింది. అత్తగారు ఉర్కుయా కిటికీ పక్కన కూర్చుని ఉల్లిపాయలు ఒలుస్తోంది.

"పొద్దుట్నుంచీ ఆ గదిలో ఏం వెలగబెడుతున్నావమ్మాయ్? కరెంటు ఊరికే వస్తోందా?"

"ఒక పని పూర్తయిందత్తయ్యా," అంది సైరాగుల్. చాలా ఏళ్ల తర్వాత ఆమె మనసు దూదిపింజలా ఉంది.

చంపింది నవల్లోనే. బిష్కెక్ నగరంలో పుస్తకాలు చదివేవాళ్లకి సైరాగుల్ పేరు చెబితే చాలు, పాత జానపద కథల్ని పట్టుకెళ్లి నక్షత్రాల మధ్య పెట్టిన మనిషి అని గుర్తుపడతారు. గుర్రాల బదులు నౌకలు, కొండ కనుమల బదులు గ్రహాల మధ్య చీకటి. ఇప్పటికి నాలుగు నవలలు వచ్చాయి. ఐదోది ఆఖరుది.

ఆ కథలన్నీ అత్తగారివే. పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు ఉర్కుయా వాళ్లని జోకొడుతూ చెబుతుంటే పక్క గదిలో ఇస్త్రీ చేసుకుంటూ వినేది సైరాగుల్. అన్నిట్లోకీ గొప్పది ఏడు తలల ముసలిదాని కథ. దారి తప్పి తన గుడారానికి వచ్చినవాళ్ల మోకాళ్లలోంచి ఆ ముసలిది నెత్తురు తాగుతుంది. సైరాగుల్ దాన్ని పాడుబడ్డ అంతరిక్ష నౌకగా మార్చింది. దానికి ఏడు గొంతులు. అది దారి తప్పిన నౌకల్లోంచి ఇంధనం తాగుతుంది. ఐనజిక్ అనే అమ్మాయి, కథానాయిక, ఆ నౌకలో చిక్కుకుపోయి ఐదు నవలలపాటు బయటపడాలని చూస్తుంది.

గొంతులైతే వచ్చాయిగాని, అవి ఏం మాట్లాడాలో మొదట్లో సైరాగుల్‌కి తోచలేదు. ఒక సాయంత్రం వంటింట్లోంచి అత్తగారి కేక వినబడింది: "తలుపు వేశావా? వేశానంటే వేసినట్టు కాదు, వెళ్లి మళ్లీ చూడు." ఆ మాటను ఉన్నదున్నట్టు రాసేసింది. అక్కణ్ణించి ఇక వెతుక్కోవాల్సిన పని లేకపోయింది. "ఈ పిల్లకి చెంచా పట్టుకోవడం ఎవరూ నేర్పలేదా?" "నేను మీ వయసులో మంచులో నీళ్లు మోశాను." అన్నీ నౌక నోట్లోకి వెళ్లిపోయాయి. ఉర్కుయా మాత్రం కోడలి పుస్తకం ఒక్కటీ తెరవలేదు. "అబద్ధం చెప్పడానికి నోరు చాలదూ, మళ్లీ అచ్చు కూడానా?" అనేది.

ప్రచురణకర్త ఎర్మెక్ ఆఖరి నవల చదివి నెత్తి పట్టుకుని వచ్చాడు.

"అక్కా, ముసలిదాన్ని చంపేశావేంటి?"

"కథ అంతే కదా. మంత్రగత్తె చావాలి."

"ఐనజిక్‌ని చంపుకో, ఎవడూ అడగడు. ఆ పిల్ల నాలుగు పుస్తకాలుగా నిట్టూర్పులు విడవడం తప్ప ఏం చేసింది? జనం కొనేది ముసలిదాని తిట్ల కోసం."

సైరాగుల్‌కి ఒళ్లు మండింది. ఐనజిక్ మరెవరో కాదు, తనే. "అక్షరం మార్చను," అంది.

పుస్తకం వచ్చింది. వారం తిరక్కముందే ఊరు అట్టుడికింది. సంతలో కేరట్ పచ్చడి అమ్మే ఆవిడ నిండు బేసిను ముందు పెట్టుకుని, "నా ముసలిదాన్ని చంపింది నువ్వేగా? సరుకు అయిపోయింది, వెళ్లు," అంది. సైరాగుల్ భర్త తాలాయ్ ట్రాలీబస్సుల షెడ్డులో మెకానిక్. అక్కడివాళ్లు కూడా అతన్ని నిలదీసేసరికి, భార్య రాసిన పుస్తకం జన్మలో మొదటిసారి చేతిలోకి తీసుకున్నాడు. చదివి, మొహం వేలాడేసుకుని వచ్చి మంచం మీద కూలబడ్డాడు.

"మా అమ్మని చంపేశావు సైరా."

"అది నౌక."

"వేసిన తలుపుని మళ్లీ చూడమనేది ఈ విశ్వం మొత్తంలో ఒక్కతే ఉంది. అది నౌక కాదు."

"ఆవిడకి చెప్పకు. నీ కాళ్లు పట్టుకుంటాను."

తాలాయ్ సరేనన్నాడు. అతని నోట్లో నువ్వుగింజ నానదు. మర్నాటి భోజనాలవేళకి ఉర్కుయా, తల రుమాలు బిగించి కట్టుకుని, బల్ల దగ్గర నిటారుగా కూర్చుని ఉంది. అయిదు పుస్తకాలూ ముందున్నాయి.

"నన్ను రాక్షసిని చేశావట."

సైరాగుల్ పుస్తకాలు తీసేద్దామని చెయ్యి చాపింది.

"నా కళ్లు పనిచెయ్యవు. కూర్చో. మొదట్నుంచీ చదువు."

ఆ చలికాలమంతా మధ్యాహ్నాలు అలాగే గడిచాయి. తిట్లు వచ్చినప్పుడల్లా సైరాగుల్ గొంతు తగ్గించేది. "గట్టిగా చదువు, నేను గొణగను," అనేది ఉర్కుయా. అక్కడక్కడ చెయ్యెత్తి ఆపేది. "ఈ మాట నేనన్లేదు. ఇంతకన్నా ఘాటుగా అన్నాను." ఏమన్నదో చెప్పేది కూడా. నిజంగానే అది ఎంతో బాగుండేది, అచ్చైపోయిందే అని సైరాగుల్ లోపల్లోపల నొచ్చుకునేది. ఐనజిక్ కిటికీలోంచి నక్షత్రాల్ని చూస్తూ కన్నీళ్లు పెట్టుకునే చోట్ల ముసలావిడ కునుకు తీసేది.

చివరికి ఆఖరి నవల్లో ఆఖరి అధ్యాయం వచ్చింది. ఐనజిక్ నౌక గుండెలోకి దిగి ఒక్కొక్క గొంతునీ ఆపేస్తుంది. ఆరు గొంతులు శపిస్తూ పోతాయి. ఏడోది మాత్రం, "ఏమన్నా తిన్నావా?" అని అడుగుతుంది. ఐనజిక్ మీట నొక్కుతుంది.

సైరాగుల్ పుస్తకం మూసింది. తల ఎత్తడానికి ధైర్యం చాల్లేదు. రాసేటప్పుడు ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియలేదు గాని, ఇప్పుడు పైకి చదివాక తెలిసింది. పురుళ్ల ఆసుపత్రి నుంచి తను బిడ్డతో వచ్చిన రోజు, గుమ్మంలో, బిడ్డ మొహమైనా చూడకుండా ఉర్కుయా ముందుగా అడిగింది ఇదే.

"అయిపోయిందా?" అంది ముసలావిడ.

"అయిపోయిందత్తయ్యా."

"తప్పు రాశావు."

"మీరు చెప్పిన కథేగా? ఏడు తలలూ నరికేస్తారన్నారుగా?"

"పిల్లలు పడుకోవాలి గనక అలా చెప్పాను. అసలు కథలో ఆరే నరుకుతారు. ఏడో తలని ఇంటికి తెచ్చుకుంటారు. ఉయ్యాల ఊపేందుకు ఎవరో ఒకరు ఉండాలా వద్దా?"

సైరాగుల్ నిర్ఘాంతపోయింది. "ఇన్నేళ్లూ చెప్పలేదేం?"

"నువ్వు అడిగావా? గోడకి చెవి ఆనించి వినేవాళ్లకి సగమే వినబడుతుంది." ఉర్కుయా రుమాలు సర్దుకుంది. ఎవరికీ చెప్పనిది చెబుతున్నట్టు గొంతు దించింది. "నేను చెప్పేటప్పుడు ఆ ఏడు తలలకీ మా అత్త మొహమే పెట్టుకునేదాన్ని. నువ్వేదో కొత్తగా కనిపెట్టాననుకున్నావు."

సైరాగుల్‌కి ముందు నవ్వొచ్చింది, తర్వాత కోపం వచ్చింది. అయిదు నవలలు రాస్తే కథ తనది కాదు సరే, కసి కూడా తనది కాకపోయింది.

వసంతం రాగానే ఎర్మెక్ మళ్లీ దిగాడు. ఈసారి రచయిత్రిని పలకరించకుండా నేరుగా ముసలావిడ పక్కన చతికిలబడ్డాడు.

"ఆపా," అన్నాడు, పెద్దావిడల్ని అక్కడ గౌరవంగా పిలిచే పిలుపుతో, "మీరే చెప్పాలి. ఆరో పుస్తకం రాస్తే ముసలిది బతుకుతుంది. ఏడో గొంతు ఆగిపోలేదు, నిద్రపోయిందంతే అని ఒక్క ముక్క రాస్తే చాలు."

ఉర్కుయా తనకోసం ఇంత వాదిస్తున్న కుర్రాణ్ణి ముద్దుగా చూసింది. బతకడానికి ఒప్పుకుంటుందనే అనుకుంది సైరాగుల్. ఉర్కుయా టీకెటిల్ అందుకుని అతని గిన్నె నిండా, అంచులదాకా పోసింది. అతిథికి సగం గిన్నె పోస్తే ఇంకా కూర్చోమని. నిండా పోస్తే తాగి లేవమని. ఎర్మెక్ మొహం వాడిపోయింది.

"మా కోడలు ఆఖరుదంటే ఆఖరుదే. చచ్చినదాన్ని చచ్చినట్టు ఉండనివ్వు బాబూ."

అతను వెళ్లాక సైరాగుల్ అత్తగారి చెయ్యి పట్టుకుంది. "నా మాట నిలబెట్టారు."

"నీ మాటా? నిద్రపోయిందని రాస్తే అందరూ నన్ను లేపడానికి వస్తారే పిచ్చిదానా. చనిపోయినావిడని చూడ్డానికైతే మర్యాదగా వస్తారు."

వచ్చారు కూడా. ఆ ముసలిది మా అమ్మేనని తాలాయ్ షెడ్డులో నోరు జారాడు, వార్త ఊరంతా పాకింది. వేసవి వచ్చేసరికి ఆదివారం ఆదివారం గుమ్మంలో చెప్పుల గుట్ట తయారయ్యేది. పుస్తకాల మీద సంతకం పెట్టమని పాఠకులు ఉర్కుయాకే ఇచ్చేవారు. ఆవిడ సైరాగుల్ పేరు మీదుగా వంకర అక్షరాలతో తన పేరు రాసేది. "మీరు ఎలా పోయారు ఆపా?" అని అడిగితే, గొంతు సవరించుకుని మొదలుపెట్టేది. ఒకరికి చెప్పినట్టు ఇంకొకరికి చెప్పేది కాదు. ఒకసారి ఐనజిక్ మీట నొక్కలేక మూర్ఛపోయేది. ఒకసారి ఏడో గొంతే జాలిపడి ఆ మీట ఎక్కడుందో చూపించేది.

"ఈవిడేనా ఐనజిక్?" అని ఒకమ్మాయి సైరాగుల్ వైపు తిరిగి అడిగింది.

"ఆఁ, ఆ నిట్టూర్పుల పిల్ల ఈవిడే," అంది ఉర్కుయా. "కాస్త జరిగి చోటివ్వు, కూర్చుంటుంది."

సైరాగుల్ కూర్చుంది. ఆవేళ ముసలావిడ చెప్పిన చావు అన్నిట్లోకీ బాగుంది. జనం కళ్లు తుడుచుకున్నారు. సైరాగుల్ కూడా తుడుచుకుంది, రచయిత్రి తనేనని అక్కడ ఎవరికీ గుర్తులేకపోవడంతో అంత సిగ్గూ వెయ్యలేదు.