పెర్పెతువా అనే పేరు

గల్ఫ్‌లో, ముహర్రక్‌లో ఉన్నప్పుడు మా ఎదురింటి గోవా ఆంటీ పేరు పెర్పెతువా. అది పలకడానికి నాకు వారం పట్టింది. నర్సుగా చేసి మానేసి, కొడుకు దగ్గర ఉండేది. తొంభై నాలుగులో నాకు ఆడపిల్ల పుడితే రోజూ వచ్చి నీళ్లు పోసింది ఆవిడే. అంతకుముందు ఇద్దరు పుట్టి, నెల తిరక్కుండానే పోయారు. ఇదీ పాలు సరిగా తాగడం లేదు. డాక్టరు చూద్దాం అన్నాడు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది.

ఒకరోజు ఆంటీని ఆమె పేరుకు అర్థం అడిగాను.

"లాటిన్ మాట. ఆగిపోనిది అని," హిందీలో చెప్పింది. "వెనకటికి ఒక చంటిబిడ్డ తల్లి. దేవుణ్ణి విడవనన్నందుకు చంపేశారు. ఆమె పేరు పోర్చుగీసు వాళ్లతో మా ఊరికి వచ్చింది. మా ఇంట్లో ఒకరు పోయాకే ఇంకొకరికి పెడతారు."

"నా బిడ్డకు పెట్టుకుంట ఆంటీ."

"నేను బతికుండగా వద్దు స్వర్ణా."

నాకు కోపమొచ్చింది. మా ఆర్మూరు వైపు పెద్దల పేరు పెట్టుకుంటామంటే సంబరపడతారు. పేరేమైనా అరిగిపోతుందా? ఇరవై ఒకటో రోజు తొట్టెల వేశాం. మా ఆయన అందరి ముందు లక్ష్మి అని పిలిచాడు. ఆయన అటు తిరగ్గానే నేను బిడ్డ చెవిలో మూడుసార్లు పెర్పెతువా అన్నాను.

ఆ పూటే బిడ్డ కడుపునిండా తాగింది.

మర్నాడు ఆంటీని చర్చికి తీసుకెళ్లడానికి వచ్చినామె వరండాలో నిలబడి ఆవిడను పేరుపెట్టి పిలిచింది. ఆంటీ పలకలేదు. నా ఒళ్లో బిడ్డ తల తిప్పింది. నాకు భయమేసింది, అయినా ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు నుంచి బిడ్డ ఒళ్లు చేస్తోంది, ఆంటీ చిక్కిపోతోంది.

నెలన్నర తర్వాత ఒక మధ్యాహ్నం ఆంటీ మా తలుపు కొట్టింది.

"బేటీ, నా పేరు నోటికి రావడం లేదు. కొడుకు డ్యూటీలో ఉన్నాడు. నువ్వు ఒక్కసారి పిలువు, చాలు."

బిడ్డ పాలు తాగడం ఆపేసి నా మొహంలోకి చూసింది. ఆంటీ కూడా చూస్తోంది. నాకు ఏడుపొచ్చింది. నా తల్లి కూడా అంత చేయలేదు నాకు.

"నాకు తెల్వదు ఆంటీ," అన్నాను.

సరే బేటీ అని ఆవిడ గోడ పట్టుకుని వెళ్లింది. నేను తలుపు గడియ పెట్టాను.